కదలకుండా

సోమవారం పొద్దున్న ఆమె గొంతులోంచి మొదటి మాట సరిగ్గా రాదు. శుక్రవారం సాయంత్రం గేటు దగ్గర వాచ్‌మన్‌తో "వెళ్ళొస్తా" అన్నాక, మళ్ళీ నోరు విప్పేది సోమవారం ఆ వాచ్‌మన్‌తోనే. ఆ రోజు కూడా పలకరించబోతే దగ్గు వచ్చింది.

"జలుబు చేసిందా మేడమ్?" అన్నాడతను.

"ఆఁ, కొంచెం" అంది. జలుబేమీ లేదు.

పరిశోధనశాలలో అందరూ ఆమెను తీగల మేడమ్ అంటారు. పరీక్షకు వచ్చిన ప్రతి మనిషికీ ఆమె ఒకే మాట చెబుతుంది. "మెదడులో భాగాలు ఇళ్ళలాంటివి అనుకోండి. ఇంటికీ ఇంటికీ మధ్య తీగలుంటాయి. ఏ రెండిళ్ళ మధ్య మాటలున్నాయో, ఏ రెండిళ్ళకి మాటల్లేకుండా పోయాయో, మా మిషన్ చూస్తుంది. అంతే, నొప్పి ఉండదు." అలా ఆ పేరు పడింది. ఆమెకు తెలుసు, పట్టించుకోదు.

పైన గదిలో పిచ్చుక అప్పటికే కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. పరిశోధన చేస్తున్న వాళ్ళలో అందరికన్నా చిన్నది. మాట్లాడ్డం మొదలుపెడితే ఆపదు, అందుకే అందరూ పిచ్చుక అంటారు.

"మేడమ్, మేడమ్, చూడండి. గీత ఎంత అందంగా వచ్చిందో! ముగ్గు పెట్టినట్టు లేదూ?"

తెర నిండా చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో మనిషి. అందరూ ఏళ్ళ తరబడి దిగులు జబ్బుతో ఉన్నవాళ్ళు. ఎప్పుడూ తన గురించే తలపోసే భాగం ఒకటి, బయటి లోకం వైపు చూసే భాగం ఒకటి. చికిత్స తర్వాత ఎవరి మెదడులో ఈ రెండింటికీ మళ్ళీ మాటలు కలిశాయో, వాళ్ళే కోలుకున్నారు. కింద నుంచి పైకి వాలుగా సాగిన గీత చెబుతున్నది అదే. పరిశోధనశాల నడిపే పెద్ద సారు ఈ పేపరుని ఈ వారంలోనే సైన్సు పత్రికకు పంపేయాలంటున్నారు.

"తీసేసినవాళ్ళు ఎవరెవరు?" అంది ఆమె.

"కదిలినవాళ్ళేగా మేడమ్. మామూలే."

మామూలే. యంత్రంలో పడుకున్న మనిషి తల బియ్యపు గింజంత కదిలినా చిత్రం చెదిరిపోతుంది. కదిలినవాళ్ళను లెక్కలోంచి తీసేయాలి. ఆ నియమం రాసింది ఆమే. అయినా ఎందుకో కుర్చీ దగ్గరికి లాక్కుని, తీసేసినవాళ్ళను ఒక్కొక్కరినే తెరిచి చూసుకుంటూ పోయింది. కాసేపటికి మౌస్ మీద చెయ్యి ఆగిపోయింది. వాళ్ళలో ఎక్కువమంది జబ్బు బాగా ముదిరినవాళ్ళే. కుదురుగా పడుకోలేకపోవడం వాళ్ళ జబ్బులో భాగం.

ఆ మాటే పెద్ద సారు గదికి వెళ్ళి చెప్పింది. "సార్, ఎవరికి ఎక్కువ బాలేదో వాళ్ళని తీసేసి, కాస్త నయంగా ఉన్నవాళ్ళని చూపించి, జబ్బంటే ఇదీ అంటున్నాం."

ఆయన టీ కప్పు పక్కన పెట్టారు. కోప్పడే మనిషి కాదు. కోపం వస్తే నవ్వుతారు.

"మసక ఫోటోలు ఏం చేసుకుంటామమ్మా? ఫ్రేములు కట్టించుకుంటామా?"

"మళ్ళీ తీద్దాం."

"అందర్నీనా? మిషన్ నీదీ కాదు, నాదీ కాదు. మన వంతు అయిపోయింది. సరే, నీ మాట ఎందుకు కాదనాలి, ఒక్కర్ని పిలుచుకో. ఒక్కర్నే. అదీ గురువారం లోపల."

ఒక్కరంటే ఆమెకు ముందు గుర్తొచ్చింది, తీసేసినవాళ్ళలో ఒకరైన, బళ్ళో భూగోళం చెప్పే టీచరే. పోయినసారి ఆ దబదబ చప్పుడుకి యంత్రంలోంచి, "లోపల మేస్త్రీలెవరో మేడ కడుతున్నట్టున్నారే, ఎన్ని గదులండీ?" అని అరిచి అందరినీ నవ్వించింది. కానీ కాళ్ళు ఒకచోట నిలవలేదు. తల అటూ ఇటూ. ఏదైనా ఇబ్బందైతే నొక్కమని చేతికిచ్చే రబ్బరు బుడగని మాటిమాటికీ నొక్కింది. చివరికి మిషన్ ఆపరేటర్ విసుక్కున్నాడు. "టీచరై ఉండి మీరే కుదురుగా ఉండకపోతే ఇంక పిల్లలకేం చెప్తారండీ?" అన్నాడు. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని, చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి గుమ్మం దాకా వెళ్ళింది.

ఫోన్ చేస్తే టీచరే ఎత్తింది.

"నన్నా? నేను పనికిరాలేదన్నారుగా."

"మీరు కాదండీ, ఆ ఫోటో పనికిరాలేదు. ఇంకోసారి తీద్దాం. గురువారం ఊళ్ళో ఉంటారా?"

 లైను తెగిందేమో అనుకుని ఆమె ఫోన్ చెవి నుంచి తీసి చూసింది.

"గురువారమా" అంది చివరికి టీచర్. "సరే. గురువారం దాకా ఉంటాలెండి."

బుధవారం సాయంత్రం ఆమె గదికి వచ్చేసరికి కింద వాటాలో ఎవరో టీవీ చూస్తూ పగలబడి నవ్వుతున్నారు. ఆమె గిన్నెలో ఉన్నది గిన్నెలోనే కలుపుకుని, కిటికీ దగ్గర నిలబడి తినేసింది. కూర్చుని తినాలంటే బల్ల మీద కాయితాలన్నీ సర్దాలి. ఒక్కదానికోసం ఎవరు సర్దుతారు? కింద నవ్వు ఆగేదాకా అలాగే నిలబడింది. తర్వాత చెయ్యి కడుక్కుంది.

గురువారం టీచర్ చెల్లెలితో పాటు వచ్చింది. చెల్లెలు కొరియర్ ఆఫీసులో పార్సిళ్ళు చూసే మనిషి. యూనిఫాం మీదే వచ్చేసింది, ముఖం వెలిగిపోతోంది.

"అక్కకి ఈ పది రోజుల్లో ఎంత మార్పో మేడమ్! చికాకు లేదు, ఏడుపు లేదు. ఇల్లంతా అద్దంలా తుడిచింది. నన్నైతే ఒక్క మాట అనట్లేదు. నాకే అనుమానం వస్తోంది, మా అక్కేనా అని" అని నవ్వింది.

టీచరూ నవ్వింది. పక్కగదిలో పిచ్చుక అడిగిన ప్రశ్నలన్నింటికీ నెమ్మదిగా, వరుసగా జవాబులు చెప్పింది. నిద్ర పడుతోందా? పడుతోంది. ఆకలి? బాగానే ఉంది. బతికి ప్రయోజనం లేదనిపించిందా? లేదమ్మా. పిచ్చుక బయటికొచ్చి బొటనవేలు పైకెత్తి చూపించింది. "ఈవిడ కోలుకున్నట్టే మేడమ్. మార్కులన్నీ బ్రహ్మాండం."

గాజులు, చెవిదుద్దులు, జడపిన్నులు తీసి చెల్లెలి చేతిలో పెట్టింది టీచర్. ఆపరేటర్ ఆవిడ చెవుల్లో దూది ముక్కల్లాంటివి దూర్చి, తలకి రెండువైపులా స్పాంజి దిండ్లు బిగించి, చేతికి రబ్బరు బుడగ అందించాడు. బల్ల నెమ్మదిగా లోపలికి జరిగింది.

అద్దానికి ఇవతల నలుగురూ తెర వైపు చూస్తున్నారు. తల కదిలితే తెర మీద గీత ఎగిరిపడుతుంది. యంత్రం దబదబలాడింది, గీపెట్టింది, మళ్ళీ దబదబలాడింది. గీత మాత్రం చెరువు మీద నీళ్ళలా ఉండిపోయింది.

"అబ్బ!" అన్నాడు ఆపరేటర్. "నా సర్వీసులో ఇంత కుదురైన మనిషిని చూళ్ళేదు. పోయినసారి వచ్చింది ఈవిడేనా?"

చెల్లెలు గర్వంగా నవ్వింది. ఆమెకూ లోపల పొంగింది. సారుకి చూపించాలి. చూశారా, అవకాశమిస్తే కుదిరేదే కదా అనాలి.

పరీక్ష అయ్యాక టీచర్ లేచి కూర్చుంది. ఎంతసేపైంది అనలేదు, చప్పుడు గురించి ఏమీ అనలేదు.

"ఈసారి పనికొచ్చానా?" అంది.

"చాలా బాగా వచ్చిందండీ. ఇంత బాగా ఎవరిదీ రాలేదు."

"అయితే ఇంక నాతో పనైపోయినట్టేగా."

"అయిపోయింది. ఇంక మిమ్మల్ని ఇబ్బంది పెట్టం" అంది ఆమె నవ్వుతూ.

టీచర్ తల ఊపింది. గాజులు వేసుకోమని చెల్లెలు చెయ్యి చాపితే, "నీ దగ్గరే ఉండనీలే" అని ముందుకు నడిచింది.

శుక్రవారం పొద్దున పిచ్చుక చప్పట్లు కొట్టింది. టీచర్ చుక్క గీత పైభాగాన, సరిగ్గా ఉండాల్సిన చోట పడింది. ఆ రెండు ఇళ్ళకీ మాటలు కలిశాయని మిషన్ అంటోంది. మనిషి కోలుకుందని ప్రశ్నల మార్కులు అంటున్నాయి. పెద్ద సారు స్వయంగా వచ్చి వెనక నిలబడి చూసి, "నీ పట్టుదల మంచిదేనమ్మా" అని వెళ్ళారు. ఎవరైనా ఆమెను మెచ్చుకుని చాలా కాలమైంది. ఆ మాట ఇంకోసారి మనసులో అనుకుంటూ, మరో పనిమీద మిషన్ గదికి దిగింది.

ఆపరేటర్ బల్ల మీద కొత్త దుప్పటి పరుస్తున్నాడు.

"నిన్నటి టీచర్ గారి గురించి మా ఇంట్లో కూడా చెప్పాను మేడమ్. ఆ బుడగ కూడా పట్టుకోలేదు. ఇస్తే, 'నాకక్కర్లేదు బాబూ' అని పక్కన పెట్టేసింది. నిద్రపోయిందేమోనని కెమెరాలో చూశా. కళ్ళు తెరిచే ఉన్నాయి. రెప్ప వెయ్యడం కూడా ఎప్పుడో గానీ లేదు."

"కళ్ళు తెరిచే ఉన్నాయా?"

"ఆఁ. పైకి చూస్తూ పడుకుంది. అంతే."

ఆమె మెట్లెక్కుతూ మధ్యలో ఆగింది. ఆ గొట్టంలో పడుకుంటే ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఎంత ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకైనా ఊపిరి బిగుస్తుంది, అరచేయి బుడగని వెతుక్కుంటుంది. ఆమె కూడా పట్టుకుంటుంది. బయటికి రావాలనుకునే ప్రతి మనిషీ పట్టుకుంటాడు.

గురువారం దాకా ఉంటాలెండి.

ఫోన్‌లో టీచర్ అన్న మాట అది. ఇన్నేళ్ళూ కదలనివాళ్ళని చూసి సంతోషించడం అలవాటైపోయింది. నిన్నా సంతోషించింది, అద్దం వెనక నిలబడి.

టీచర్‌కి చికిత్స చేసే డాక్టరమ్మకి ఫోన్ చేసింది. ఆవిడ వార్డులో హడావిడిగా ఉంది. "స్కోరు బాగుందన్నారుగా? వచ్చే వారం నా దగ్గరికే వస్తుంది, చూస్తాను. మీకంత అనుమానంగా ఉంటే ఈలోపే తీసుకురమ్మనండి" అంది. టీచర్ నంబరు మోగి మోగి ఆగిపోయింది. పెద్ద సారు గది గుమ్మం దగ్గర నిలబడి విషయం చెబితే ఆయన నవ్వారు.

"చుక్క బాగుంది, మార్కులు బాగున్నాయి. బుడగ పట్టుకోలేదని వాళ్ళింటికి పరిగెడతావా? మనం డాక్టర్లం కాదు. పరీక్షకు వచ్చినవాళ్ళ గడప తొక్కకూడదని రూలు కూడా ఉంది, తెలుసుగా?"

"తెలుసు సార్" అంది. బ్యాగు కూడా తీసుకోకుండా బయటికి నడిచింది.

ఆ ఇల్లు ఒక ఇరుకు వీధిలో, సైకిళ్ళు బాగుచేసే కొట్టు మీద మేడ. చాలాసేపు తలుపు కొట్టాక టీచర్ తీసింది. తలస్నానం చేసి, మంచి చీర కట్టుకుని ఉంది.

"మీరా? ఫోటో మళ్ళీ చెడిపోయిందా?"

"లేదండీ. ఊరికే వచ్చాను."

ఊరికే ఎవరింటికైనా వెళ్ళి ఆమెకు ఎన్నాళ్ళైందో. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. టీచర్ మంచినీళ్ళు ఇస్తుంటే వంటింటి వైపు చూసింది. గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉన్నాయి. డబ్బాలన్నింటికీ కొత్తగా కాయితాలు అంటించి ఉన్నాయి. పప్పు, ఉప్పు, పంచదార, అన్నీ బోర్డు మీద రాసే గుండ్రటి అక్షరాల్లో.

"బాగా సర్దారు" అంది.

"మా చెల్లికి వంటింట్లో ఏదెక్కడుందో తెలీదండీ. కళ్ళెదురుగా ఉన్నా కనపడదు. ఇన్నాళ్ళూ నేనే తీసిచ్చేదాన్ని."

గ్లాసు కింద పెట్టింది ఆమె. అడగాల్సింది పిచ్చుక చేత వందసార్లు అడిగించిన ప్రశ్నే. అడిగే పద్ధతి, మాటల వరుస, అన్నీ ఆమే ఖాయం చేసింది. ఇప్పుడు అందులో ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"టీచర్ గారూ, చచ్చిపోదామనుకుంటున్నారా?"

కింద కొట్లో ఎవరో చక్రం తిప్పుతున్న చప్పుడు. టీచర్ కొంగు అంచు వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది.

"ఆ అమ్మాయి కూడా అడిగింది. లేదన్నాను. చిన్నపిల్ల, హడలిపోతుందని."

"నేను హడలిపోను" అంది ఆమె. మళ్ళీ గ్లాసు అందుకుంటే నీళ్ళు చీర మీద ఒలికాయి.

"మీరు ఫోన్ చేశారే, అప్పటికే..." టీచర్ ఆగింది. "గురువారం పని ఒకటుంది కదా అని ఆగాను. ఎందుకూ పనికిరాననిపించుకుని పోవడం ఎందుకు, ఒక్కసారి కదలకుండా పడుకుని వాళ్ళ పని వాళ్ళకి చేసిచ్చి పోదామని. చిత్రంగా, ఆ గొట్టంలో నాకేమీ భయం వెయ్యలేదండీ. హాయిగా ఉంది."

 ఆమె లేచి వెళ్ళి టీచర్ పక్కన చాప మీద కూర్చుంది.

"మీ చెల్లెలికి ఫోన్ చేస్తాను."

"వద్దు" అంది టీచర్, మొదటిసారి గొంతు పెంచి. "నాకు బాగైందని అది ఈ మధ్యే నవ్వుతోంది. దాని నవ్వు చెడగొట్టకండి. నాకు నయమైందంటే అందరూ ఎంత తేలికపడ్డారో మీకు తెలీదు."

"చెప్తాను. మీరు నన్ను తిట్టినా చెప్తాను."

"మీరెవరండీ చెప్పడానికి?"

 ఆమె ఫోన్ తీసి చెల్లెలికి చెప్పింది, డాక్టరమ్మకి చెప్పింది. టీచర్ గోడ వైపు తిరిగి కూర్చుంది.  ఏదైనా ఓదార్పు మాట చెప్పాలని ఎంతో వెతికింది గానీ, తెలిసినదంతా తీగల గురించే. కాసేపటికి టీచర్ అటే చూస్తూ, "మీరింక వెళ్ళరా?" అంది.

"వెళ్ళను."

చెల్లెలు మెట్లన్నీ రెండేసి చొప్పున ఎక్కి వచ్చింది. అక్కని చూసింది, డబ్బాల వైపు చూసింది. తర్వాత ఆమె మీద విరుచుకుపడింది. "బాగా వచ్చిందన్నారు! నిన్నేగా అన్నారు, ఇంత బాగా ఎవరిదీ రాలేదని! ఏం చూశారు మీరు? ఏం చూస్తారు అందులో?"

"ఇది కనపడలేదమ్మా" అంది ఆమె.

చెల్లెలు అక్క మెడ చుట్టూ చేతులు వేసి బావురుమంది. టీచర్ చెల్లెలి వీపు నిమురుతూ, "అందుకే చెప్పొద్దన్నాను" అంది. కానీ ఆటో ఎక్కమంటే ఎక్కింది. ఇద్దరి మధ్యా కూర్చుని ఆస్పత్రి దాకా వచ్చింది.

ఈసారి సోమవారం ఆమెకు దగ్గు రాలేదు. శని, ఆదివారాలు ఆస్పత్రి వరండాలో చెల్లెలికి తోడు కూర్చుని, ఆ మందేమిటి, ఈ మందేమిటి అని అడిగినవాటికి జవాబులు చెబుతూనే ఉంది.

పెద్ద సారు తలుపు వేయమన్నారు.

"రూలు దాటావు. సరే, ఒక ప్రాణం నిలబడింది, అందుకని నేనేమీ అనను. కానీ ఆవిడ చుక్క తీసేయ్."

"ఎందుకు సార్?"

"గీత ప్రకారం ఆవిడ కోలుకున్న మనిషి. అసలు మనిషేమో ఆస్పత్రి మంచం మీద ఉంది. ఇది దేనికీ అతకదు."

"కదిలిందని ఒకసారి తీసేశాం. కదలకపోయినా తీసేద్దామా?"

ఆయన నవ్వారు. "ఒక్క చుక్క కోసం పేపరు పాడుచేసుకుంటామా?"

"ఒక్క చుక్కా అని మనకెలా తెలుసు? ఆ గీత పైభాగాన ఉన్నవాళ్ళలో ఎవరింటికైనా వెళ్ళామా? ఆవిడ చుక్క ఉండాలి, కోలుకోలేదని రాయాలి. తీసేసినవాళ్ళంతా జబ్బు ముదిరినవాళ్ళని కూడా రాయాలి. లేకపోతే నా పేరు వద్దు సార్."

బెదిరించాలని అనలేదు. అన్నాక మాత్రం వెనక్కి తీసుకోవాలనిపించలేదు. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"నీ ఇష్టం" అన్నారు.

ఆ సాయంత్రమే పేపరు పత్రికకు వెళ్ళిపోయింది. అందులో టీచర్ చుక్కా లేదు, ఆమె పేరూ లేదు. పిచ్చుక ఎప్పుడూ లేనిది తల దించుకుని, మాట్లాడకుండా పక్కనుంచి వెళ్ళింది. ఆమె తన బల్ల దగ్గర కూర్చుని, కదిలారని తీసేసిన వాళ్ళ నంబర్లు తెరిచి, డాక్టరమ్మ అనుమతితో ఒక్కొక్కరికే ఫోన్ చేయడం మొదలుపెట్టింది. "పరీక్షకి కాదండీ. ఎలా ఉన్నారో కనుక్కుందామని." కొందరు పెట్టేశారు. ఒకాయన తన ఎలర్జీ మొదలుకుని ఇంటి కప్పు కారడం దాకా అన్నీ చెప్పి ఆమె తల తినేశాడు. ఆమె ఫోన్ పెట్టలేదు.

బుధవారం ఆస్పత్రికి వెళ్తే వార్డు గుమ్మంలో నర్సు ఆపింది.

"ఇవాళ్టి నుంచి సొంతవాళ్ళకే పర్మిషన్. మీరేమవుతారు ఆవిడకి?"

ఆమె తడబడింది. సహోద్యోగి కాదు, స్నేహితురాలు కాదు, డాక్టరు అసలే కాదు. సరే, వెళ్ళిపోదాం అనుకుంటుంటే లోపల మంచం మీంచి టీచర్ గొంతు వినిపించింది. సన్నగా ఉన్నా, వెనకబెంచీ దాకా వినపడే గొంతు.

"రానివ్వమ్మా. ఆవిడ మా ఆడపడుచు. నా మంచీ చెడ్డా చూస్తాననే వంకతో ఇంటి మీదకొచ్చి, నా గుట్టంతా రట్టు చేసి పోయింది. ఆడపడుచు కాకపోతే ఎవరు చేస్తారా పని?"

నర్సు ఫక్కున నవ్వి పక్కకి తప్పుకుంది. ఆమెకూ నవ్వొచ్చింది. ఒక్కతే కూతురుగా పుట్టి, అమ్మానాన్నలు పోయాక, ఎవరికీ ఏమీ కాని మనిషి ఆమె.

మంచం దగ్గరికి వెళ్ళి నిలబడింది. టీచర్ మొహం వాడిపోయి ఉంది. మందుల మత్తు కళ్ళలో కనపడుతోంది. జబ్బు తగ్గడానికి ఇంకా చాలా కాలం పడుతుందని డాక్టరమ్మ చెప్పింది, మళ్ళీ రావచ్చని కూడా చెప్పింది.

"మీ మీద కోపం పోలేదు నాకు" అంది టీచర్.

"పోనక్కర్లేదండీ."

"ఆ రోజు మీ చేతులు వణికాయి. చూశాను. హడలిపోనన్నారుగా?"

"హడలిపోయాను."

టీచర్ ఆమెను తేరిపారా చూసింది. పాఠం చదవకుండా వచ్చిన పిల్లని చూసినట్టు చూసింది.

"నన్ను అన్నీ అడిగారు. నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా, ఎవరితోనైనా మాట్లాడుతున్నారా అని. మిమ్మల్ని ఎవరడుగుతారు?"

"నేను బాగానే..." అంది ఆమె. ఆ మాట ఎందరి నోటనో, ఎన్నిసార్లో విన్నది. ఏ గొంతుతో అంటారో తెలుసు. సగంలోనే ఆపేసింది. కిటికీ అవతల ఎవరో ఉతికిన దుప్పట్లు ఆరేస్తున్నారు. వాటివైపు చూస్తూ నిలబడింది. 

"ఎవరూ అడగరండీ" అంది.

 టీచర్ దుప్పటి కింద కాళ్ళు ముడుచుకుని, మంచం మీద ఆమెకు చోటిచ్చింది.